పట్టూ విడుపూ

ఇస్త్రీ కొట్లో బొగ్గులు అంటుకుని మూడు గంటలు దాటింది. అమ్మ పదకొండో చొక్కా కాలరు మీద ఉంది. కూతురు గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు.

"పిట్ట ఎక్కడమ్మా అని నేనడుగుతుంటే, ఏమైనా తిన్నావా అంటావేంటి?"

"తినని మొహం ఎదురుగా కనిపిస్తుంటే ఇంకేమడగాలి అమ్మడూ? ఆ మూట పక్కకి జరిపి కూర్చో. మెల్లిగా! ఇస్త్రీ అయినవవి."

"కూర్చోను. పిట్ట ఇంట్లో ఉందా, లేదా?"

"ఇంట్లో ఎందుకుంటుంది? మీ నాన్న జేబు మీద ఉంటుంది. బొగ్గు గ్యాసు తగిలితే కూస్తుంది, పడుకునేటప్పుడు తప్ప తియ్యొద్దు అని నువ్వేగా ఆ బుల్లి మిషన్ తెచ్చి తగిలించావు."

"నాన్నకి ఇవాళ సెలవు కదా!"

"ఉండేది. రెండో కొలిమిలో ఇటుకలు ఊడాయని పొద్దున్నే కబురొచ్చింది. కొలిమి మేస్త్రికి సెలవు కావాలంటే ముందు కొలిమికి సెలవుండాలిగా. ఎనిమిదింటికి వెళ్ళాడు."

"ఫోన్ ఎత్తట్లేదు. నాలుగుసార్లు చేశాను."

"కొలిమి లోపలికి దిగిన మనిషి ఫోన్ ఎలా ఎత్తుతాడే? చేతిలో తాపీ ఉంటుంది. పైన సున్నం కలుపుతూ మీ మామయ్య ఉంటాడు, వాడికి చెయ్యి."

"చేశా. కలవట్లేదు. అవునూ, నువ్వేంటమ్మా ఇంత తీరుబడిగా ఉన్నావు?"

"ఉండకూడదా?"

"నాన్న గడప దాటితే గంటకోసారి ఫోన్ చేసేదానివి. వీధిలో అంబులెన్సు కూత వినిపిస్తే చేతిలో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అది ఎటు పోతోందో చూసొచ్చేదానివి."

"ఇవాళ భయం వెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒక్కరోజు భయం వెయ్యకపోతే దానిక్కూడా సంజాయిషీ చెప్పుకోవాలా? హాయిగా ఉంది. పాట కూడా పాడుకున్నా."

"పొద్దున నాకు ఫోన్ చేశావు కదా. ఏదో అన్నావు. నేను సరిగ్గా వినలేదు."

"నువ్వెప్పుడు విన్నావు కనక? ఆ తెర ముందు కూర్చున్నావంటే ఏది చెప్పినా 'మంచిదేగా' అంటావు. మొన్న పిండిలో పురుగు పట్టిందంటే 'మంచిదేగా' అన్నావు. మీ అత్తయ్య కాలు విరిగిందంటే కూడా 'మంచిదేగా' అన్నావు. పక్కనే కూర్చుని వింది. ఆవిడ ఇంకా నాతో మాట్లాడట్లేదు."

"నవ్వే ఓపిక లేదమ్మా. సరే, అదలా ఉంచు. ముందు ఇది చెప్పు. పిట్ట ఇప్పటిదాకా ఎన్నిసార్లు కూసింది?"

"కొలిమిలోనా? అక్కడ ఒక్కసారి కూడా కూయలేదట. పై వాళ్ళు గాలి బాగానే తోలుతున్నారు."

"కొలిమిలో అని అడగలేదు. ఎక్కడైనా."

"ఎక్కడైనా అంటే... ఎక్కడైనా అంటే ఎలా చెప్తాం?"

"అమ్మా."

"ఏంటా చూపు?"

"ఇక్కడ కూసిందా? ఈ బొగ్గుల పెట్టె దగ్గర?"

"మరి పని చేస్తోందో లేదో చూసుకోవద్దూ? రోజూ పొద్దున్నే పెట్టె మూత తెరిచి, బొగ్గులు కాస్త అంటుకోగానే పిట్టని పైన పట్టుకుంటా. కుయ్ కుయ్‌మంటుంది. ప్రాణం కుదుటపడుతుంది. అప్పుడు జేబుకి తగిలించి పంపిస్తా."

"రోజూనా?"

"ఆదివారాలు కూడా. అలవాటు తప్పకూడదని."

"నాలుగు నెలలు. నూట ఇరవైసార్లు!"

"ఒక్కోరోజు రెండుసార్లు. మొదటిసారి సరిగ్గా విన్నానో లేదో అని అనుమానం వస్తే... ఏంటే? అలా గోడకి జారబడ్డావేం? చెడ్డపని చేశానా?"

"మేం ప్రయోగశాలలో ఇరవైసార్లు చూశామమ్మా. ఇరవై చాలనుకున్నాం. ఎందుకు చాలనుకున్నామంటే నా లెక్క ఉంది కాబట్టి."

"నీ లెక్కకీ నా బొగ్గులకీ ఏంటి సంబంధం? నాకర్థమయ్యేలా చెప్పు. నేను ఏడో తరగతి."

"పిట్ట లోపల ఒక లోహపు పొర ఉంటుంది. ఉల్లిపొర కంటే పల్చన. గ్యాసు వస్తే దాని మీద వాలుతుంది. వాలగానే పిట్ట కూస్తుంది. గ్యాసు పోగానే అది లేచిపోవాలి, పొర ఖాళీ అవ్వాలి. మళ్ళీ వస్తే మళ్ళీ కూయడానికి."

"బస్సులో సీట్లలా."

"అలాగే అనుకో. దిగేవాళ్ళు దిగితేనే ఎక్కేవాళ్ళకి చోటు. నా పనేంటంటే, గ్యాసు అణువు ఆ లోహం మీద ఎక్కడ కూర్చుంటుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది... ఇది కంప్యూటర్లో లెక్కకట్టి ముందే చెప్పడం. పట్టు మరీ తక్కువైతే అసలు వాలదు. మరీ ఎక్కువైతే దిగదు."

"పట్టూ విడుపూ తెలిసిన లోహం కావాలన్నమాట. ఇంట్లోనూ అంతే."

"ఆ లెక్కకో జబ్బుంది. ఎప్పుడూ పట్టు ఎక్కువ చెబుతుంది. గొప్పలు పోయే మనిషి లాంటిది. పది అంటే ఏడు అనుకోవాలి. అందుకని మేమందరం వచ్చిన జవాబులోంచి కొంచెం కోసేస్తాం."

"కొత్తగుడ్డ కుట్టేటప్పుడు కుదించుకుపోతుందని ముందే కొలత సర్దినట్టు."

"అవును. ఎప్పట్నుంచో చేస్తున్నదే. నేనూ కోశాను. కోస్తే సరిగ్గా సరిపోయింది. గ్యాసు వాలుతుంది, కాసేపటికి ఎగిరిపోతుంది అని వచ్చింది. ఆ అంకె చూసే ఈ పొర ఎంచుకున్నారు."

"మరి బాగానే ఉందిగా?"

"ఈ పొర ఒక్క లోహం కాదమ్మా, రెండు కలిపింది. దీని మీద లెక్క గొప్పలు పోలేదు. నిజమే చెప్పింది. నేనే అలవాటుగా కోసేశాను. కుదించుకుపోని గుడ్డకి కూడా కొలత సర్దేశాను."

"అది నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున. ఇంకా మంచి పద్ధతిలో, ఏమీ కోయక్కర్లేని పద్ధతిలో మళ్ళీ మొదలుపెట్టాం. నలభై రోజులు మిషన్లు ఆగకుండా నడిచాయి. పొద్దున ఏడున్నరకి జవాబొచ్చింది. తెర మీద ఆ అంకె చూస్తూ కూర్చున్నా, నాకు ఇంకేమీ వినబడలేదు. నువ్వు ఫోన్ చేసింది కూడా అప్పుడే."

"ఏడున్నరకి."

"ఆ. నమ్మబుద్ధి కాక మళ్ళీ మళ్ళీ చూసుకున్నా. వాలిన గ్యాసు ఎగరదమ్మా. మామూలు వేడికి ఎగరదు. కొంచెం ఎగురుతుంది, మిగతాది అలాగే పట్టుకు కూర్చుంటుంది. కూసిన ప్రతిసారీ కొన్ని సీట్లు నిండిపోతాయి. అన్నీ నిండాక..."

"నిండాక?"

"గ్యాసు ఎంతున్నా కూయదు. అందుకే అడుగుతున్నా. ఈ మధ్య కూత తగ్గిందా?"

"మొదట్లో బొగ్గుల పైన పట్టగానే కూసేది. తర్వాత తర్వాత... ఒక చొక్కా చెయ్యి రుద్దేంత సేపు పట్టేది. నీరసించిందేమో అనుకున్నా. 'నీ సణుగుడు విని విని పిట్టకి కూడా విసుగొచ్చింది' అన్నాడు మీ నాన్న."

"ఇవాళ?"

"ఇవాళేంటి?"

"ఇవాళ పొద్దున పట్టావా? కూసిందా?"

"ఇవాళ... చూళ్ళేదు."

"నాలుగు నెలలు ఆదివారాలు కూడా వదలనిదానివి, ఇవాళ చూళ్ళేదా?"

"తొందరలో మర్చిపోయా. కబురొచ్చిందిగా. హడావిడి."

"అమ్మా, చొక్కా!"

"ఏ చొక్కా?"

"మాడుతోంది! పెట్టె తియ్యి!"

"అయ్యయ్యో... అయ్యో. తెల్ల చొక్కా. పెళ్ళిచూపులకట ఆ అబ్బాయికి. ఇన్నేళ్ళలో ఒక్క బట్ట మాడ్చలేదు నేను. ఒక్కటి."

"అమ్మా, నా వైపు చూడు. కూసిందా, కూయలేదా?"

"వేడి తగిలితే వదులుతుందా అది? ఆ గ్యాసు?"

"వదులుతుంది. ఈ పెట్టె అడుగున కాసేపు ఉంచినా చాలు, పొర అంతా ఖాళీ అయిపోయేది. ఎందుకు?"

"కాలిపోతుందేమోనని మూరెడు దూరంలో పట్టుకునేదాన్ని. నీ వస్తువు పాడవుతుందని. ఇంకాస్త... ఇంకాస్త కింద పట్టుకున్నా..."

"కూయలేదు కదూ ఇవాళ?"

"మామయ్యకి చెయ్యి మళ్ళీ."

"అమ్మా, ఆ తాడు ఇక్కడెందుకుంది?"

"ఏ తాడు?"

"కిటికీకి కట్టిన తాడు. బట్టలు ఆరేసిన తాడు. అది నాన్న నడుముకి కట్టుకునే తాడు కదా! నువ్వే రోజూ సంచిలో సర్దేదానివి. కొలిమిలో దిగితే దాని రెండో కొస మామయ్య చేతిలో ఉండాలని నువ్వే ఒట్టు పెట్టించావు."

"భుజానికి చుట్టుకుంటోంది, పని సాగట్లేదు అని ఎప్పట్నుంచో గొణుగుతున్నాడు. పిట్ట ఉంటే తాడెందుకే అంటున్నాడు. ఇవాళ... సరేలే, ఇవాళ ఒక్కరోజుకి వద్దులే అన్నా. నేనే తీసేశా సంచిలోంచి. ముందు మామయ్యకి చెయ్యవే!"

"మోగుతోంది. హలో! మామయ్యా! నాన్నేడి?"

"ఏంటి కోడలా, అంత అరుపు? లోపలున్నాడు బావ. తొమ్మిదిన్నరకి దిగాడు."

"పైకి రమ్మను. ఇప్పుడే. పిట్ట పాడైపోయింది."

"పాడయ్యేదేంటి, చక్కగా జేబు మీదే ఉంది. కూయలేదు కూడా. గాలి బాగుందన్నాడు."

"మామయ్యా, పక్క కొలిమి మండుతోందా?"

"మూడోదా? మండుతోంది. దాన్ని ఆపరుగా."

"రెండింటికీ పొగగొట్టం ఒకటేనా?"

"ఒకటే. మధ్యలో తలుపు వేశారు. అది ఎప్పుడూ సరిగ్గా మూసుకోదు గానీ..."

"నాన్నని పిలువు. ఫోన్ పెట్టెయ్యకు. పిలువు!"

"బావా! ఓ బావా! ... ఇందాకటిదాకా టకటకమని ఇటుక కొడుతున్నాడు కోడలా. ఇప్పుడు వినబడట్లేదు. ఇటుక సరిచూస్తున్నాడేమో. బావా!"

"ఎంతసేపైంది చప్పుడాగి?"

"నేను సున్నం కలుపుతున్నా కదమ్మా. గమనించలేదు. పది నిమిషాలో... పావుగంటో... బావా! లైటు వేసి చూస్తున్నా. కాళ్ళు కనబడుతున్నాయి. కూర్చున్నాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బావా, లేవవేంటి? నేను దిగుతున్నా."

"వద్దు! మామయ్యా, దిగకు! నువ్వూ అక్కడే పడిపోతావు. గాలి తోలే మిషన్ పెట్టించు, మూడో కొలిమి ఆపించు, ముసుగులున్న వాళ్ళని పిలువు. దిగకు!"

"కళ్ళెదురుగా ఉన్నాడే! పది అడుగులు! తాడుంటే లాగేసేవాణ్ణి. ఇవాళ తాడెందుకు తేలేదు బావా అంటే, 'మీ అక్కకి భయం పోయిందిరా' అని నవ్వాడు. ఒరేయ్! ఎవరక్కడ? మిషన్ తీసుకురండ్రా!"

"తమ్ముడూ! ఒరేయ్ తమ్ముడూ! నువ్వు దిగకురా! దిగితే నా మీద ఒట్టే!"

"పెట్టేశాడమ్మా. పద. వెళ్దాం."

"బొగ్గులు... పెట్టెలో బొగ్గులు మండుతున్నాయి..."

"వదిలెయ్యి. పద!"

"కిటికీ తెరిచి రా. గ్యాసు పడుతుంది. ఎవరైనా పిల్లలు లోపలికొస్తే..."

ఆటోలో, ఆరో మలుపు దగ్గర.

"కాస్త త్వరగా పోనివ్వు బాబూ. నీకు పుణ్యముంటుంది."

"ముందు లారీ అడ్డంగా ఉందమ్మా. ఎగరలేనుగా."

"అమ్మా, నీళ్ళు తాగు."

"మనిషికేమవుతుంది అమ్మడూ? ఆ గ్యాసు పిట్టలో లోహాన్ని పట్టుకుంటుందన్నావు. మనిషిలో లోహం లేదుగా? మనిషినేం పట్టుకుంటుంది?"

"ఉందమ్మా. రక్తంలో ఇనుముంటుంది."

"రక్తంలోనా?"

"మామూలుగా మంచిగాలి ఆ ఇనుము మీద వాలి, ఒళ్ళంతా తిరిగి, దిగిపోతుంది. ఇది వాలితే ఓ పట్టాన దిగదు. మంచిగాలికి సీటుండదు."

"అక్కడా అంతేనన్నమాట."

"అక్కడా అంతే."

"ఆ పట్టుకి కూడా లెక్క కట్టావా నువ్వు?"

"అది ఎవరూ లెక్క కట్టక్కర్లేదమ్మా. అందరికీ తెలుసు."

"నీ చదువు నాన్నకి పనికిరాదా అని నేనే నీ ప్రాణం తీశాను. అమ్మకానికి కూడా రాని వస్తువుని, మీ పెద్దసారుకి తెలియకుండా తెప్పించుకున్నా. నేను నోరు మూసుకుని ఉంటే తాడుతోనే దిగేవాడు. తాడు నడుముకి ఉండేది... ఫోన్ మోగుతోంది."

"మామయ్య."

"ఎత్తు. గట్టిగా వినబడేట్టు పెట్టు."

"అక్కా."

"చెప్పరా. నువ్వు దిగలేదుగా?"

"లేదక్కా. ముసుగులవాళ్ళు దిగారు. బయటికి తీశాం."

"మాట్లాడాడా?"

"ముఖం బావుందక్కా. ఎర్రగా, కళగా ఉంది. పెళ్ళినాడు కూడా ఇంత కళ చూళ్ళేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఆ పిట్ట ఇంకా జేబు మీదే ఉంది."

"డాక్టరు?"

"వచ్చాడు. చూశాడు. మెల్లిగా రండక్కా. కంగారు పడొద్దన్నాడు. తొందరేం... తొందరేం లేదన్నాడు. ఉంటా."

"మామయ్యా! మామయ్యా?"

"విన్నావా అమ్మడూ? ముఖం ఎర్రగా ఉందట. నెత్తురు ఆడుతున్నట్టేగా? చచ్చిన మనిషి పాలిపోతాడు. మా నాన్న సున్నంలా అయిపోయాడు. ఎర్రగా ఉందంటే... మంచిదేగా?"

"అమ్మా, వద్దు."

"చెప్పవే. చదువుకున్నదానివి. మంచిదేగా?"

"ఆ గ్యాసు ఇనుమును పట్టుకుంటే రక్తం అలాగే ఎర్రబడుతుందమ్మా. పట్టుకుని వదలకపోతే. ఆ రంగు అలాగే... ఉండిపోతుంది. అమ్మా? అమ్మా, ఏడు. అలా చూడకు. ఏడు."

"తర్వాత ఏడుస్తా."

"నా వల్లే. ఎవరూ అడక్కముందే కోసేశాను. ఒక్క అంకె. అందరూ కోస్తారు కదా అని కోసేశాను."

"నీ కోత సంగతి నాకు తెలీదు. కూత పోగొట్టింది నేను. రోజూ బొగ్గుల మీద పట్టి పాడుచేసింది నేను. తాడు తీసి బట్టలు ఆరేసుకుంది నేను. అక్కడ ఎవరడిగినా అదే చెప్పు. పిచ్చిది, భయస్తురాలు, పిట్టని నిలవనివ్వలేదు అని చెప్పు. అందరూ నమ్ముతారు."

"నువ్వు ఇంతకాలం వీధిలో కుక్క మొరిగితే నిద్రపోలేదమ్మా. అలాంటిదానివి, పిట్ట కూయకపోతే ఎలా పంపించావు? నువ్వు! తాడు కూడా తీసేసి! కూయలేదని నాకొక్క మాట చెప్పి ఉంటే..."

"బాబూ, లారీ కదిలింది చూడు. పోనివ్వు."

"చెప్పావు కదూ."

"ఏం చెప్పాను?"

"పొద్దున. ఏడున్నరకి. నాకు చెప్పడానికే ఫోన్ చేశావు కదూ?"

"తిన్నావో లేదోనని చేశా."

"అమ్మా, ఏమన్నావు? నేనేమన్నాను?"

"పమిట చెంగు ఇదిగో, ముఖం తుడుచుకో. మామయ్య ముందు ఇలా కనబడకు. నా ఫోన్‌లో ఆ కాల్ ఇందాకే చెరిపేశా, నీ దాంట్లోనూ చెరిపెయ్యి. ఎవరడిగినా సరే... 'పిట్ట కూయట్లేదే, నాన్నని పంపించనా' అని నేనడగలేదు. 'మంచిదేగా, పంపించు' అని నువ్వనలేదు."